ఆటోమేటిక్ కారును గేర్ల బండిగా మార్చుకోవచ్చా? డాలస్ ప్రాంతానికి కొత్తగా వచ్చిన ఒంగోలు తమ్ముడికి సమాధానాలు

ప్రశ్న (సొంత ఊరు ఒంగోలు, ప్రస్తుతం ఫ్రిస్కో)

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పెద్దలందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఈమధ్యే ఇక్కడికి వచ్చాను. లోను మీద 2017 హోండా సివిక్ ఎల్‌ఎక్స్ తీసుకున్నాను. అది సీవీటీ ఆటోమేటిక్, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టు మీద వేగం సర్దుకునే రకం. చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీల మధ్య గేర్లు మార్చుకుంటూ డ్రైవింగ్ నేర్చుకున్న నాకు, ఎడమ కాలికి పనే లేని ఈ బండి ఎంతకీ అలవాటు కావడం లేదు. దీనికి మాన్యువల్ గేర్ బాక్స్ పెట్టించవచ్చా? మన వైపు ఆటోనగర్‌లో అయితే ఎవరో ఒకరు చేసి పెట్టేవారు. ఇక్కడ ఎవరిని అడగాలో తెలియక రాస్తున్నాను.

సమాధానం (సొంత ఊరు కావలి, ప్రస్తుతం ప్లేనో)

తమ్ముడూ, పెట్టించవచ్చు; కానీ మీ బండికి మాత్రం వద్దనే చెబుతాను. ఎందుకో వివరంగా రాస్తాను, ఆపైన నిర్ణయం మీది.

ముందు సామాను సంగతి చూద్దాం. సీవీటీని దించిన తరువాత ఇంజిన్ వెనుక ఉండే పలుచని డ్రైవ్ ప్లేటును తీసేసి, ఆ స్థానంలో బరువైన ఫ్లైవీల్‌ను, దాని మీద క్లచ్ ప్లేటును, ప్రెషర్ ప్లేటును బిగించాలి. గేర్ బాక్స్‌తో పాటు క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్, దానిని నెట్టే స్లేవ్ సిలిండర్, క్లచ్ పెడల్, దాని మాస్టర్ సిలిండర్, గేర్ రాడ్, కేబుళ్లు, మాన్యువల్‌కు సరిపోయే డ్రైవ్ షాఫ్టులు, మౌంటులు అన్నీ కావాలి. ఆటోమేటిక్ బండిలో బ్రేక్ పెడల్ వెడల్పుగా ఉండి పక్కన క్లచ్‌కు చోటివ్వదు కనుక దానినీ మార్చాలి. వీటిని విడివిడిగా కొనబోతే ఏదో ఒక చిన్న బ్రాకెట్ దొరకక బండి వారాల తరబడి స్టాండ్ల మీదే ఉండిపోతుంది. అందుకే ఈ పని తెలిసినవారు యాక్సిడెంట్‌లో దెబ్బతిన్న అదే మోడల్ మాన్యువల్ కారును మొత్తంగా కొని, అందులోని సామానంతా దీనికి ఎక్కిస్తారు.

ఇంతవరకు డబ్బు, ఓపిక ఉంటే అయ్యే పనే. అసలు చిక్కు కంప్యూటర్‌తో వస్తుంది. ఆటోమేటిక్ కారులో ఇంజిన్ కంప్యూటర్ ప్రతి క్షణం గేర్ బాక్స్ నుంచి సమాచారం కోసం ఎదురుచూస్తుంది. పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉన్నట్టు కబురు అందకపోతే స్టార్టర్‌ను తిరగనివ్వదు. కొందరు రెండు వైర్లు కలిపేసి ఆ అడ్డు తప్పిస్తారు, కానీ అప్పుడు మొదటి గేరులో ఉన్న బండి కూడా స్టార్ట్ చేయగానే ముందుకు దూకుతుంది. ఎదురుగా గోడ ఉంటే గోడ, మనిషి ఉంటే మనిషి. క్లచ్ పూర్తిగా తొక్కితేనే స్టార్ట్ అయ్యేలా పెడల్ దగ్గర స్విచ్ పెట్టి తీరాలి. అది పెట్టినా, లేని సీవీటీ కోసం కంప్యూటర్ వెతుకుతూ చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. మాన్యువల్ బండి కంప్యూటర్‌ను తెచ్చి పెడదామంటే, అది మీ తాళంలోని చిప్‌ను గుర్తించదు. మళ్లీ ప్రోగ్రామింగ్ చేయించాలి.

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకు భద్రతా తనిఖీని ఎత్తివేశారు కదా, ఇక అడిగేవారెవరు అని మీతో ఎవరైనా అనవచ్చు. ఫ్రిస్కో విస్తరించి ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీలలో పొగ పరీక్ష ఇప్పటికీ ఉంది. రెండు నుంచి ఇరవై నాలుగేళ్ల వయసున్న పెట్రోలు కార్లకు అది తప్పదు. ఆ పరీక్షలో మీ బండి కంప్యూటర్‌నే నేరుగా అడుగుతారు కాబట్టి, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే పాస్ కాదు. పాస్ కాకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగుతుంది.

ఇక లోను. తీరేదాకా టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద అప్పిచ్చినవారి హక్కు ఉంటుంది. వారికి తాకట్టుగా ఉన్న బండి పొట్ట కోయించే ముందు ఒప్పందం కాగితాలు ఒకసారి చదవండి. ఇన్సూరెన్స్ వారికి చెప్పకుండా చేయిస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు. మీరే సొంతంగా చేసుకుందామనుకుంటే, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బండ్ల రిపేరు కూడదని ఇక్కడి లీజుల్లో చాలావాటిలో రాసి ఉంటుంది. షాపులో చేయిస్తే గంటకు వంద డాలర్లు దాటే కూలీ, ఎన్ని గంటలు పడుతుందో ముందుగా మాట ఇచ్చేవారు తక్కువ.

ఇంత తల ప్రాణం తోకకు తెచ్చుకోవడం దేనికి? మీ సివిక్‌నే ఆ ఏడాది ఆరు గేర్ల మాన్యువల్‌తో కూడా కంపెనీ అమ్మింది. అరుదుగానైనా పాత బండ్లలో దొరుకుతుంది. మీ బండిని అమ్మి అది కొనుక్కోండి. లోను బాకీ బండి ధర కంటే ఎక్కువగా ఉంటే మాత్రం, ఆ తేడా తగ్గేవరకు ఆగండి. టెక్సస్‌లో మామూలు కారు లైసెన్సుకు ఆటోమేటిక్, మాన్యువల్ అనే తేడా లేదు కనుక ఆ బెంగ అక్కర్లేదు. సరదా తీరక చేయాలనే ఉంటే, స్థిరపడ్డాక 1990ల నాటి సివిక్ ఒకటి రెండో బండిగా తీసుకోండి. వాటిలో వైర్లు తక్కువ, సామాను దొరుకుతుంది, వయసు దాటింది కాబట్టి పొగ పరీక్షా ఉండదు. ఆఫీసుకు వెళ్లే ఏకైక బండి మీద మాత్రం ప్రయోగాలు వద్దు.

మరో సమాధానం (అమెరికా నుంచి తిరిగి వచ్చి నెల్లూరులో వర్క్‌షాపు నడుపుతున్నవారు)

అన్నగారి మాటే నాదీను. పెట్రోలు అంబాసిడర్లకు డీజిల్ ఇంజిన్లు ఎక్కించిన చేతులు ఇక్కడి ఆటోనగర్‌లో ఇంకా ఉన్నాయి, కానీ ఆ బండ్లలో కంప్యూటర్ అనే మూడో మనిషి లేడు. ఇప్పటి ఆటోమేటిక్‌ను మార్చమంటే వారు కూడా తల అడ్డంగా ఊపుతారు.

ఎప్పుడైనా పాత బండికి చేస్తే ఒకటి గుర్తుంచుకోండి. గేర్ బాక్స్ దిగినప్పుడే క్రాంక్ వెనుక ఆయిల్ సీల్ మార్చండి. పాతదే ఉంచితే, కొన్నాళ్లకు ఆ నూనె కొత్త క్లచ్ ప్లేటు మీద పడి మొత్తం మళ్లీ దించాల్సి వస్తుంది. క్లచ్ ప్లేటుకు ఫ్లైవీల్ వైపు ఏదో గుర్తు ఉంటుంది, తిరగేసి బిగిస్తే క్లచ్ విడవదు. ప్లేటును నడిమధ్యన నిలిపే పనిముట్టు లేకుండా కంటి అంచనాతో బిగిస్తే గేర్ బాక్స్ షాఫ్ట్ లోపలికి దూరదు. దూరకపోతే బోల్టులతో లాగి బిగించకండి, షాఫ్ట్ గాడులు పాడవుతాయి. గేర్ ఆయిల్ కూడా కంపెనీ చెప్పిన రకమే పోయండి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ బండి జోలికి వెళ్లను. పాత మాన్యువల్ చూడడానికి వెళ్లినప్పుడు ఏమేం గమనించాలి? కుడి చేత్తో గేరు వేయడం కష్టమా?

సమాధానం (కావలి, ప్లేనో)

చేయి మారుతుంది కానీ పెడళ్ల వరుస మారదు. క్లచ్ ఇక్కడా ఎడమ కాలికే. ఖాళీ పార్కింగ్‌లో కాసేపు తిప్పితే చేయి దారికి వస్తుంది.

బండి చూసేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించమనండి. రెండో గేరు వేస్తుంటే గరగరమంటే లోపల గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు అరిగినట్టు. న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ తొక్కినప్పుడు మాత్రమే శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించండి. కాలు తీస్తే వచ్చి, తొక్కితే ఆగే శబ్దమైతే గేర్ బాక్స్ లోపలి బేరింగ్, దాని ఖర్చు పెద్దది. తరువాత ఖాళీ రోడ్డులో నాలుగో గేరులో నెమ్మదిగా వెళుతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కండి. ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోందని అర్థం. ఆ మార్పిడి ఖర్చు ధరలో తగ్గించమని అడగండి, తగ్గించకపోతే వదిలేసి రండి.