అప్‌డేట్: మా జేజి 'వీరతాడు' మాట ఏ సినిమాదో దొరికింది

పోయిన వారం అడిగినా కదా, నేను ఏ మంచి పని చేసినా మా జేజి 'వెయ్ వీనికి వీరతాడు' అంటాది, ఏ సినిమాలోదని. మీరంతా మాయాబజార్ అన్నారు, కరెక్టే, చానా థ్యాంక్స్ అన్నలకు అక్కలకు. నిన్న ప్రొద్దుటూరులో ఇంట్లోనే పెట్టినా, కలర్ చేసింది కాదు, 1957 నాటి నలుపు తెలుపుదే. జేజి అనపకాయలు ఒలుస్తా కూచుంది. 'అస్మదీయులు' 'తస్మదీయులు' అనే సీన్ వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది, ఎస్వీ రంగారావు నోరు తెరిచేలోపే 'ఎవరూ పుట్టించకపోతే మాటలెట్ల పుడతాయి' అని తనే అనేసింది, మళ్ళీ గింజ ఒలుచుకుంటా నవ్వింది, పళ్ళు లేని నవ్వు. రాసిన పింగళి నాగేంద్రరావుకు దండం పెట్టాలనిపించింది నాకు. డైరెక్టర్ కె.వి.రెడ్డిది మన తాడిపత్రే అని చెప్తే 'మనోడా!' అని రెండుసార్లు అడిగింది. వివాహ భోజనంబు మూడుసార్లు వెనక్కి తిప్పి చూపించినా, లడ్లు వాటంతటవే నోట్లోకి పోయేది చూస్తా చిన్నపిల్ల అయిపోయింది. రేపు మళ్ళీ పెట్టమంది.