అప్‌డేట్: సున్నా దగ్గరి శిఖరం జీనోమ్ రెట్టింపు కాదు

అడిగింది ఇదీ: ఒక ద్విదళ బీజ మొక్కలో జన్యు జంటలన్నిటికీ కేఎస్ (ప్రోటీన్‌ను మార్చని డీఎన్‌ఏ మార్పుల కొలత; ఎంత ఎక్కువైతే ఆ జంట విడిపోయి అంత కాలమైనట్టు) లెక్కగడితే గ్రాఫులో సున్నా దగ్గర పెద్ద శిఖరం, 0.8 దగ్గర చిన్న గుట్ట వచ్చాయి. వీటిలో మొత్తం జీనోమ్ రెట్టింపైన ఆనవాలు ఏది?

చిన్న గుట్టే. సున్నా దగ్గరివి ఎక్కువగా పక్కపక్కనే పుట్టే టాండెమ్ నకళ్లు. అవి ఎప్పుడూ పుడుతూ, చాలావరకు త్వరగానే పోతూ ఉంటాయి కాబట్టి ఆ శిఖరం దాదాపు ప్రతి మొక్కలోనూ కనిపిస్తుంది. అసెంబ్లీలో (డీఎన్‌ఏ ముక్కలను అతికి జీనోమ్‌ను కూర్చేటప్పుడు) కలవకుండా విడిగా మిగిలిపోయిన అల్లీళ్లు (ఒకే జన్యువు రూపాలు) కూడా అక్కడే చేరి దాన్ని ఇంకా పెంచుతాయి. ముందు వాటిని ఏరేయాలి. తర్వాత ఎంసీస్కాన్‌ఎక్స్ అనే, జన్యువుల వరుసలను పోల్చే ప్రోగ్రాంలో కనీసం 5 జంటలు ఒకే వరుసలో కలిసిన బ్లాకులనే ఉంచి మళ్లీ గీస్తే, 0.8 గుట్ట చక్కగా నిలబడింది.

అసలు నమ్మకం కలిగించింది మాత్రం ద్రాక్షతో పోలిక. ప్రధాన ద్విదళ బీజాలకు ఉమ్మడైన గామా (జీనోమ్ మూడింతలైన పాత ఘటన) తర్వాత ద్రాక్షలో మరో రెట్టింపు జరగలేదు, అందుకే అది మంచి కొలబద్ద. ఒక్కో ద్రాక్ష బ్లాకుకు ఈ మొక్కలో రెండేసి దొరికాయి, అంటే ఒక్క రెట్టింపు. అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగశాల మొక్కలో గామా తర్వాత బీటా, ఆల్ఫా అనే రెట్టింపులు రెండూ జరిగాయి కనుక అక్కడ నాలుగు దాకా దొరుకుతాయి.

కేఎస్ 2 దాటిన చోట శిఖరాలను నమ్మొద్దు. ఒకే స్థానం పదేపదే మారిపోయి లెక్క తప్పుతుంది. రెట్టింపు జంటల్లో ఎక్కువగా మిగిలినవి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల (ఇతర జన్యువుల పనిని నియంత్రించే ప్రోటీన్ల) జన్యువులు. వాటితో కలిసి పనిచేసే ప్రోటీన్లతో మోతాదు పొంతన చెడకుండా ఉండాలంటే ఒకదాన్నే వదులుకోవడం కష్టం మరి.