రైనింగ్ ట్రైనర్ అవుతానంటోంది మా అమ్మాయి, ఈ ఫీల్డ్ తెలిసినవాళ్లు ఉన్నారా?

ప్రాస్పర్_నాన్న:
డల్లాస్‌కి ఉత్తరాన ఉంటాం. ఇక్కడి నుంచి 377 రోడ్డు మీద ఆబ్రీ, పైలట్ పాయింట్ వైపు వెళ్తే ఎటు చూసినా గుర్రాల రాంచ్‌లే కదా, సరదాగా నేర్చుకుంటుందిలే అని చేర్పించాం. ఇప్పుడు లెవెన్త్ గ్రేడ్. కంప్యూటర్ సైన్స్ వద్దు, రైనింగ్ ట్రైనర్‌నే అవుతానని కూర్చుంది. రైనింగ్ అంటే గుర్రాన్ని పరుగెత్తించి, గిరగిరా తిప్పి, జారుతూ ఆపించే పోటీ. వాళ్లమ్మకి ఒకటే టెన్షన్. వెతికితే మిలియన్ డాలర్ రైడర్లంటూ పేర్లు వస్తున్నాయి. నిజంగా అంత డబ్బుందా ఇందులో?

లోపర్_పిల్ల:
అంకుల్, నేను ఆ చుట్టుపక్కలే ఒక ట్రైనర్ దగ్గర అసిస్టెంట్‌గా చేస్తున్నా. మిలియన్ డాలర్ రైడర్ అంటే అంత సొమ్ము ఆయన జేబులో పడిందని కాదు, ఆయన ఎక్కిన గుర్రాలు ఇన్నేళ్లలో గెలిచిందంతా రైనింగ్ సంఘం ఎన్‌ఆర్‌హెచ్‌ఏ లెక్కలో ఆయన పేరు మీద కూడుతారు. గుర్రం ఓనర్‌దైతే చెక్కు ఓనర్‌కే, రైడర్‌కి ముందే మాట్లాడుకున్న వాటా. ట్రైనర్ ఇల్లు గడిచేది ఓనర్లు గుర్రానికింత అని నెలనెలా కట్టే ఫీజుతో. గడ్డి, దాణా, బార్న్ అద్దె, మా జీతాలు, అన్నీ అందులోంచే. స్టాళ్లు నిండుగా ఉంటే నెల గట్టెక్కుతుంది, ఒక్క పెద్ద ఓనర్ అలిగి నాలుగు గుర్రాలు పట్టుకుపోయాడా, అంతే.

ఇక నా పని. చీకటితో లేచి స్టాళ్లు శుభ్రం చేయాలి, దాణా పెట్టాలి, ట్రైనర్ ఒకటి దిగేసరికి ఇంకోటి జీనుతో రెడీగా ఉండాలి, దిగినదాన్ని నడిపించి చెమట ఆరాక కడగాలి. షోలకి వెళ్తే లోపర్ డ్యూటీ, అంటే ఆయన ఎక్కేముందు గుర్రం దూకుడు తగ్గేదాకా మనం రౌండ్లు తిప్పుతూనే ఉండాలి, అదీ ఎరీనా ఖాళీగా దొరికే అర్ధరాత్రి పూట. ఇటలీ, బ్రెజిల్ నుంచి వచ్చి ఇదే పని చేస్తున్నవాళ్లు బోలెడుమంది. ఆండ్రియా ఫప్పానీ కూడా ఇటలీ నుంచి వచ్చి ఇంకొకరి దగ్గర అసిస్టెంట్‌గా మొదలైనవాడే, 2001లో ఫ్యూచురిటీ అనే పెద్ద పోటీ కొట్టాడు, ఇప్పుడు ఆయన లెక్క 60 లక్షల డాలర్లు దాటింది. అలా పైకొచ్చేది ఏ కొద్దిమందో.

మలక్‌పేట_రౌతు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను నేర్చుకున్నది ఇంగ్లిష్ జీను మీద, గుర్రం నోటికీ మన చేతికీ మధ్య కళ్లెం ఎప్పుడూ కాస్త బిగువుగా ఉండాలని తిట్టి మరీ నేర్పారు. ఈ వీడియోల్లో కళ్లెం మెడ కింద వేలాడుతుంటే, అంత స్పీడులో ఉన్న గుర్రాన్ని ఎలా ఆపుతున్నారు?

లోపర్_పిల్ల:
చేత్తో కాదన్నా, కూర్చునే తీరుతో. సీటు కిందకి దించి 'వో' అంటారు. వెంటనే వెనక కాళ్లు పొట్ట కిందకి తెచ్చి నేలకి ఆనించి జారుతుంది, ముందు కాళ్లు మాత్రం నడుస్తూనే ఉంటాయి. వెనక కాళ్లకి వేసేవి మామూలు లాడాలు కాదు, వెడల్పుగా నున్నగా ఉండే స్లైడింగ్ ప్లేట్లు. అడుగున గట్టి నేల, పైన వదులు ఇసుక. వెనక స్కిడ్ బూట్లు కట్టకపోతే ఇసుక ఒరుసుకుని చర్మం ఊడొస్తుంది. అడుగు మట్టి బాగోకపోతే ఎంత మంచి గుర్రమైనా ఆగడానికి భయపడుతుంది, అందుకే మా ట్రైనర్ ఏ షోకి వెళ్లినా ముందు బూటుతో ఇసుక తవ్వి చూస్తాడు.

ఓక్లహోమా_సుబ్బు:
మా ఓక్లహోమా సిటీలోనే ఫ్యూచురిటీ. ఏటా నవంబర్ చివర్లో మొదలై డిసెంబర్ దాకా నడుస్తుంది, కుదిరితే అమ్మాయిని తీసుకురండి, ఫైనల్స్ ఒక్కటే కాదు, వెనక వార్మప్ పెన్ కూడా చూపించండి. జడ్జి స్కోరు 70తో మొదలెడతాడు, ఒక్కో మెనూవర్‌కి, అంటే స్పిన్, స్టాప్ లాంటి విన్యాసానికి, ఒకటిన్నర దాకా కలపొచ్చు, తీసేయొచ్చు. స్పిన్ కాస్త ఎక్కువ తిరిగితే అర పాయింట్ పోతుంది, ప్యాటర్న్ (విన్యాసాల వరుస) మర్చిపోతే మొత్తం సున్నా. పాడు సంగతి ఏంటంటే ఫ్యూచురిటీ మూడేళ్ల గుర్రాలకే. గుర్రానికి జన్మలో ఒక్క చాన్స్. రెండేళ్ల వయసులో మొదలెట్టి తయారుచేస్తే, సరిగ్గా పోటీకి ముందు నెలలో కాలు వాస్తుంది, ట్రైనర్ కష్టమంతా బూడిద. అసలు రెండేళ్లప్పుడే ఎక్కడం నాకు నచ్చదు, కీళ్లు ముదరకముందే.

లోపర్_పిల్ల:
సుబ్బు గారూ, రోజూ కాసేపే ఎక్కి దించేవాళ్లూ ఉన్నారు, పిండి పిప్పి చేసేవాళ్లూ ఉన్నారు. అందర్నీ ఒకే గాటన కట్టకండి.

ఓక్లహోమా_సుబ్బు:
రెండో రకం బార్న్ ఒకటి దగ్గర్నుంచి చూశాకే అంటున్నానమ్మా.

ప్రాస్పర్_నాన్న:
ఒలింపిక్స్ దాకా వెళ్లొచ్చా ఇందులో?

ఓక్లహోమా_సుబ్బు:
లేదండి. 2000లో అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య ఎఫ్‌ఈఐ చేర్చుకుంది, 2002 నుంచి 2018 దాకా వరల్డ్ ఈక్వెస్ట్రియన్ గేమ్స్‌లో పెట్టారు, మొదటిసారి స్పెయిన్‌లో షాన్ ఫ్లారిడాకి స్వర్ణం వచ్చింది. 2021లో ఎఫ్‌ఈఐ లిస్టులోంచి తీసేశారు. ఒలింపిక్స్‌లో ఎప్పుడూ లేదు.

నాన్‌ప్రో_అక్క:
అన్నగారూ, అసలు సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఈ ఆటలో ట్రైనర్లు దిగే ఓపెన్, డబ్బు కోసం చేయనివాళ్లకి నాన్ ప్రో అని రెండు దారులు. డబ్బు తీసుకుని గుర్రానికి ట్రైనింగ్ ఇచ్చినా, పాఠాలు చెప్పినా నాన్ ప్రో హోదా పోతుంది, మళ్లీ కావాలంటే ఏళ్లు ఆగాలి. నాన్ ప్రో అంటే చిన్నచూపు అక్కర్లేదు, మ్యాండీ మెక్‌కచెన్ నాన్ ప్రోగానే మిలియన్ దాటింది, ఆడవాళ్లలో మొదట ఆవిడే. వాళ్ల నాన్న, భర్త ఇద్దరూ పేరున్న ట్రైనర్లే.

ఇంకోటి, ఎన్‌సీఈఏ అనే కాలేజీ గుర్రపుస్వారీ సంఘం టీముల నాలుగు ఈవెంట్లలో రైనింగ్ ఒకటి. టెక్సస్ ఏ అండ్ ఎం, బేలర్, టీసీయూ యూనివర్సిటీలన్నీ మీ రాష్ట్రంలోనే, పక్క రాష్ట్రంలో ఓక్లహోమా స్టేట్ కూడా ఉంది. సొంత గుర్రం అక్కర్లేదు, అక్కడ డ్రాలో వచ్చినదాని మీద కాసేపు వార్మప్ చేసుకుని ఎక్కాలి, ఆ అలవాటు ట్రైనర్‌కి చాలా పనికొస్తుంది. స్కాలర్‌షిప్ దొరికే వీలుంది, డిగ్రీ వస్తుంది, వదినగారూ కాస్త స్థిమితపడతారు.

ప్రాస్పర్_నాన్న:
అయ్యో, ఈ వేసవిలో మా అమ్మాయి వచ్చి వాళ్ల గుర్రాలు ఎక్కితే గంటకింత ఇస్తామని ఒక బార్న్‌వాళ్లు పిలిచారు. సరేనందామనుకుంటోంది.

నాన్‌ప్రో_అక్క:
ఇప్పుడే ఆపండి. ఎన్‌ఆర్‌హెచ్‌ఏ రూల్‌బుక్‌లో నాన్ ప్రో నిబంధనలు తనచేతే చదివించండి, కాలేజీ కోచ్‌కి కూడా ఒక మెయిల్ పెట్టించండి. ఆ తర్వాతే ఆ బార్న్‌కి జవాబు.