స్టెమ్ సెల్స్‌తో గుండె కండ మళ్ళీ పుడుతుందా?

అమలాపురం నుంచి: నాన్నగారికి గుండెపోటు వచ్చిందండి, స్టెంట్ వేశారు, ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి నెట్టే రక్తం శాతం) 35. ఒక క్లినిక్ వాళ్ళేమో స్టెమ్ సెల్స్ (వేరే కణాలుగా మారగల మూలకణాలు) ఎక్కిస్తే కండ మళ్ళీ పుడుతుందని లక్షల్లో అడుగుతున్నారు. చేను తాకట్టు పెట్టాలా అని ఒకటే టెన్షన్.

భీమవరం నుంచి: వద్దండీ, పెట్టకండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం గుండెకి ఇది అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే చెయ్యాలి.

కాకినాడ నుంచి: నేనూ అదే చెప్తాను. గుండె కండ కణాలు 25 ఏళ్ళ వయసులోనే ఏడాదికి 1 శాతమే పాతవి పోయి కొత్తవి వస్తాయి, 75 వచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు, స్వీడన్ వాళ్ళు 2009లో కణాల వయసు చెప్పే కార్బన్-14తో తేల్చారు. గుండెలోనే స్టెమ్ సెల్స్ ఉన్నాయన్న పరిశోధనల్లో 31 పేపర్లలో డేటా తప్పుడుదని, వాటిని వెనక్కి తీసుకోవాలని 2018లో హార్వర్డ్ యూనివర్సిటీయే కోరింది, ఎంతమంది రోగులు ఆశపడ్డారో! జపాన్‌లో ఐపీఎస్ కణాల (మామూలు కణాల్ని మార్చి చేసిన మూలకణాలు) నుంచి పెంచిన పొరలు గుండెకి అతికించే పని నిజంగానే సాగుతోంది, అదెంతవరకు పనిచేస్తుందో ఇంకా తేలాలి. ముందు కార్డియాక్ ఎంఆర్ఐ గురించి అడగండి. గడోలినియం అనే మందు రక్తనాళంలోకి ఎక్కించి పది నిమిషాలాగి తీస్తే చచ్చిన కండ మచ్చ తెల్లగా, బతికున్న కండ నల్లగా కనిపిస్తుంది. కిడ్నీ ఎలా ఉందో ముందే చూపించండి.

అమలాపురం నుంచి: కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ బాగానే ఉందండి. మరి ఈఎఫ్ పెరగదా?

కాకినాడ నుంచి: కొంత కండ దెబ్బకి మొద్దుబారి ఉంటుంది, వారాల్లో తేరుకోవచ్చు. మందులు ఆపకుండా మూడు నెలలకి మళ్ళీ ఎకో తీయించండి.