చొక్కా తనంతట తాను ఉతుక్కోదు కదా, మరి ‘నీడ్స్ వాషింగ్’ ఎలా అవుతుంది?

నమస్కారమండీ. బ్యాంకు పరీక్షకు ఇంగ్లీషు గ్రామర్ చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఒకచోట ఆగిపోయాను, కాస్త సాయం చేయండి.

ఎంజాయ్, అవాయిడ్, హేట్ లాంటి క్రియల తర్వాత ఐఎన్‌జీ రూపం వస్తుందని తెలుసు. పని మన మీద జరిగితే బీయింగ్ పెట్టి, క్రియ మూడో రూపం రాయాలనీ తెలుసు. ‘ఐ హేట్ స్కోల్డింగ్ పీపుల్’ అంటే జనాన్ని తిట్టడం నాకు ఇష్టముండదని. ‘ఐ హేట్ బీయింగ్ స్కోల్డెడ్’ అంటే తిట్లు తినడం ఇష్టముండదని. తెలుగులో ‘నన్ను తిడితే నాకు నచ్చదు’ అంటే సరిపోతుంది కాబట్టి మొదట్లో తికమకపడ్డాను. తిట్లు తినడం, దెబ్బలు తినడం, మోసపోవడం, ఇలా గుర్తుపెట్టుకున్నాక దారిలో పడింది. ‘తిట్టబడటం’ అని ఇంట్లో ఎవరంటారు చెప్పండి!

అసలు చిక్కు నీడ్ దగ్గర. నిన్న మాక్ టెస్టులో ‘ది షర్ట్ నీడ్స్’ తర్వాత ఖాళీ ఇచ్చారు. పని చొక్కా మీదే జరుగుతుందని ధీమాగా ‘బీయింగ్ వాష్డ్’ పెట్టాను. మార్కు పోయింది. జవాబు ‘వాషింగ్’ అట. ‘టు బి వాష్డ్’ అన్నా ఒప్పేనని కీలో ఉంది.

బీయింగ్ లేకుండానే ఉతకబడాలనే అర్థం ఎలా వచ్చింది? ఇలాంటి క్రియలు ఇంకేమున్నాయి? రిక్వైర్ కూడా ఇంతేనని ఫ్రెండ్ అంటోంది, వాంట్ సంగతేంటి?

ఇంకో చిన్న డౌట్. చిన్నప్పుడు నన్ను తిరుపతి తీసుకెళ్లడం గుర్తుంది అనడానికి ‘ఐ రిమెంబర్ బీయింగ్ టేకెన్ టు తిరుపతి’ అని రాశాను. జరిగిపోయిన సంగతి కాబట్టి ‘హావింగ్ బీన్ టేకెన్’ అనే రాయాలా?

రూల్ ఒక్కటే చెబితే నాకెక్కదు, రెండు మూడు వాక్యాలు కూడా రాయండి ప్లీజ్. పరీక్ష వచ్చే ఆదివారమే, టెన్షన్‌గా ఉంది.