15వ సవరణ వచ్చాక కూడా ఓటుకి ఇన్ని అడ్డంకులెందుకు? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా ఆవిడకి అమెరికా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. ఓటు హక్కు గురించిన నాలుగు రాజ్యాంగ సవరణల్లో ఒకటి చెప్పమనే ప్రశ్న ఒకటుంది. 15, 19, 24, 26. తనకి వచ్చేసింది. చదివిస్తూ చదివిస్తూ నేనే ఇరుక్కుపోయాను.

1870లో 15వ సవరణ జాతి, రంగు చూసి ఓటు నిరాకరించకూడదంది. అయినా దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతివాళ్లని అక్షరాస్యత పరీక్షలతో, పోల్ ట్యాక్స్‌తో (ఓటేయాలంటే కట్టాల్సిన పన్ను), బెదిరింపులతో దశాబ్దాల పాటు ఆపాయి. అందుకే 1965లో ఓటింగ్ హక్కుల చట్టం తెచ్చారు. ఇక్కడిదాకా అర్థమైంది. మరి 1964లో అమల్లోకి వచ్చిన 24వ సవరణ పోల్ ట్యాక్స్‌ని ఫెడరల్ ఎన్నికల్లో (అధ్యక్షుడు, కాంగ్రెస్ లాంటి జాతీయ స్థాయివి) మాత్రమే ఎందుకు రద్దు చేసింది? రాష్ట్ర ఎన్నికల్లో పోవడానికి 1966లో వర్జీనియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు రావాల్సి వచ్చింది. రెండూ ఒకే వాక్యంలో రాసేస్తే పోయేదిగా! ఎవరు అడ్డుపడ్డారు?

రెండో సందేహం మనవాళ్ల గురించి. 1923లో భగత్ సింగ్ థిండ్ (మన విప్లవవీరుడు కాదు, ఈయన వేరు) కేసులో, భారతీయులు చట్టం దృష్టిలో తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వం ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చేసింది. 1946లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. కానీ అక్కడే పుట్టిన పిల్లలు పుట్టుకతోనే పౌరులు కదా. కాలిఫోర్నియా పంజాబీ రైతుల పిల్లలు 21 నిండాక మామూలుగానే ఓటేయగలిగారా? దీని గురించి చదివినవాళ్లుంటే కాస్త వివరంగా రాయండి. ఇంటర్వ్యూకి అక్కర్లేదు, నాకే నిద్ర పట్టట్లేదు.