‘జాకెట్ ఆన్, జాకెట్ ఆఫ్’ తెలుగులో ఎలా?

ప్రశ్న: 1984 నాటి ‘ది కరాటే కిడ్’లో కరాటే నేర్పే మియాగి కుర్రాడి చేత కార్లకు మైనం పూయించి తుడిపిస్తాడు. 2010 రీమేక్‌లో కథ బీజింగ్‌కి మారింది, మైనం పోయి జాకెట్ వచ్చింది: కుర్రాడు దాన్ని కొక్కేనికి తగిలించాలి, తియ్యాలి, తొడుక్కోవాలి, విప్పాలి, కింద పడేసి ఎత్తాలి. జాకీ చాన్ వేసిన హాన్ పాత్ర చెప్పే ‘జాకెట్ ఆన్, జాకెట్ ఆఫ్’కి సబ్‌టైటిల్‌లో ‘జాకెట్ ధరించు, జాకెట్ తొలగించు’ అంటే నప్పుతుందా?

జవాబు: నప్పదండీ. ధరించు, తొలగించు సర్క్యులర్ భాష. హాన్ అపార్ట్‌మెంట్లో మరమ్మతులు చూసే మనిషి, మాట పొదుపు. అసలు ప్రమాదం ‘జాకెట్’తో. మనలో చాలామందికి ఇప్పటికీ అది రవికే. ‘జాకెట్ విప్పు’ అని తెర మీద పడిందా, హాల్లో నవ్వులే. కోటు అనండి. అంతకంటే మేలు, బట్ట కళ్ల ముందే ఉంది కాబట్టి పేరు వదిలేసి క్రియతో సరిపెట్టండి.

ఆ క్రియల్లోనూ చూసుకోవాల్సింది ఉంది. ఇంగ్లీషులో ఆన్, ఆఫ్ రెండే. మనకు కింద పడేసింది ‘ఎత్తు’, కొక్కేనికి ‘తగిలించు’, కొక్కెం నుంచి ‘తియ్’, ఒంటికి ‘తొడుక్కో’, ఒంటి మీది నుంచి ‘విప్పు’. ‘తియ్’ రెండు చోట్లా వాడితే కొక్కెమో ఒళ్లో తేలదు. ‘తొడుగు’ అని మాత్రం రాయకండి, అది ఎదుటివాడికి తొడగమన్నట్టు. ‘-కో’ పడితేనే తన ఒంటికి.

ఇంకొకరు: సబ్‌టైటిల్‌కి సరే, డబ్బింగ్‌కి ‘తొడుక్కో’ పొడుగు. హాన్ వేగం పెంచినచోట మూడక్షరాలు ఇరకవు. ‘వెయ్! తియ్!’ అంటే చెరో దెబ్బలా పడతాయి, చివర యకారం కలిసి తాళం కూడా కుదురుతుంది. పైగా ‘వెయ్’కి మనకున్నన్ని పనులు ఏ క్రియకున్నాయి? రంగు వెయ్, తలుపు వెయ్, కొక్కేనికి వెయ్, వీపు మీద ఒకటి వెయ్. ఇంటిపనిలో యుద్ధవిద్య దాగుందన్న సినిమా కిటుకంతా ఆ ఒక్క మాటలో ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు: చమత్కారం బాగుంది మాస్టారూ, కానీ ఇక్కడ బెడిసికొడుతుంది. ‘ఒకటి వెయ్’ అంటే కొట్టడం. హాన్ గుద్దులు విసురుతుంటే ఆ కదలికలతో కుర్రాడు దెబ్బ కాచుకుంటాడు. మాతృకలో మైనం పనీ అంతే, అడ్డుకోవడానికే. పైగా ‘వెయ్’లో మళ్లీ ‘-కో’ పోయింది. డబ్బింగ్‌లో ‘వేస్కో, విప్పు’ చూడండి. ‘ఆఫ్’ చివర కింది పెదవి పైపళ్లకు తగులుతుంది, ‘విప్పు’లో పెదవులు కలుస్తాయి, దూరం నుంచి తేడా తెలీదు. ‘తీసెయ్’లో పెదవులు ఎక్కడా కలవవు, క్లోజప్‌లో దొరికిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: మరి పేరు? నేర్పేది కుంగ్‌ఫూ, పేరేమో కరాటే.

జవాబు: ఆ గొడవ తెలిసే చైనాలో ‘కుంగ్‌ఫూ కల’ అన్న అర్థం వచ్చే పేరుతో విడుదల చేశారు. జపాన్‌లో రెండు సినిమాలకీ ‘బెస్ట్ కిడ్’ అనే పేరు. కరాటేలో ‘కర’కి ఒకప్పుడు చైనాను సూచించే అక్షరం కూడా రాసేవారు. 1936లో జపాన్ దీవి ఒకినావాలోని నాహాలో కరాటే గురువులు సమావేశమై ‘ఖాళీ’ అనే అక్షరాన్ని ఖాయం చేశారు. ‘టే’ అంటే చెయ్యి. దీన్ని ‘ఉత్తచేతులు’ అని మాత్రం అనువదించకండి, పండక్కి అల్లుడు ఏమీ తేకుండా వచ్చినట్టుంటుంది. ‘వట్టిచేయి’ నయం.

కుంగ్‌ఫూ అంటే సాధనతో, కాలంతో అబ్బిన నేర్పు. వంటలోనైనా రాతలోనైనా అంటారు. మనకు ‘చెయ్యి తిరగడం’ ఉంది కదా, ‘చెయ్యి తిరిగిన వంటవాడు’ అన్నట్టు. మియాగి మైనం పూయించేదీ గుండ్రంగా చెయ్యి తిప్పించే.

ఇంకొకరు: ‘విప్పు’ దగ్గర ఒక్క మాట. తెలంగాణలో ‘అంగి ఇడువు’ అంటారు. ‘విడిచిన బట్టలు’ అని కోస్తాలోనూ ఉన్నదే. హాన్ యాసను బట్టి ‘తొడుగు, ఇడువు’ పెట్టినా…

మొదటి జవాబు ఇచ్చినవారు: మళ్లీ ‘తొడుగు’! ‘తొడుక్కో, ఇడువు’ అనండి.